ఇద్దరొచ్చి ఒకరు వెళ్తే

కౌజు పిట్టకి లెక్కలు రావు. ఎవరడిగినా అడక్కపోయినా కదలకమ్మ ఈ మాట చెప్పేది. ఇద్దరు మనుషులు కలిసి నడిచివచ్చి మాటులో దూరి, కాసేపటికి ఒకరు బయటికొచ్చి తన దారిన తను వెళ్ళిపోతే, ముళ్ళపొద కింద నక్కి చూస్తున్న కౌజు గండం గడిచిందనుకుంటుంది. రెండో మనిషి లోపలే ఉండిపోయిందన్న సంగతి దాని చిన్న బుర్రకి అందదు. ఒక్కరే వెళ్ళి కూర్చుంటే మాత్రం ఎంతసేపైనా బయటికి రాదు. లోపలికి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదన్నది దానికి బాగా గుర్తుంటుంది. అందుకే నేలమీద తిరిగే ఇలాంటి బెదురు పిట్టల్ని ఫోటో తీసేవాళ్ళు ఒక తోడుని వెంటబెట్టుకెళ్ళి, ఆ తోడుని వెనక్కి పంపేస్తారు. కదలకమ్మకి ఆ తోడు కోడలు.

కదలకమ్మ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే మామగారి స్టూడియోలో కెమెరా పట్టిన ఆవిడ, స్టూలు మీద కూర్చున్న ప్రతి ప్రాణికీ "కదలకండి, కదలకండి" అని చెప్పీ చెప్పీ ఆ మాటనే పేరుగా సంపాదించుకుంది. ఆవిడ గొంతెత్తితే పక్క దుకాణంలో తూకం వేసేవాడి చెయ్యి కూడా ఆగిపోయేదని చెప్పుకుంటారు. ఎంత చలాకీ మనిషైనా ఆ మాట వినగానే గుటక మింగి, భుజాలు బిగించి, దొంగతనంలో పట్టుబడ్డ మొహం పెట్టేవాడు. ఆ మొహాలే పాస్‌పోర్టుల మీదికీ, గుర్తింపు కార్డుల మీదికీ, గోడల మీది ఫ్రేముల్లోకీ ఎక్కాయి. ఇన్నేళ్ళకి ఆవిడకి అవంటే విసుగు పుట్టింది.

"నేను తీసినవి మనుషుల ఫోటోలు కావురా. కెమెరాని చూసి భయపడ్డవాళ్ళ ఫోటోలు" అని కొడుకుతో అనేది.

కొడుకు కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరిదో బుగ్గ మీది మొటిమ చెరిపేస్తూ "ఊఁ" అనేవాడు. వాడు దేనికైనా అదే జవాబు చెబుతాడు.

మోకాళ్ళకి నడక మంచిదని డాక్టరు చెప్పాక, పోయినేడు ఒక పొద్దున ఊరి చివర మూతపడ్డ ఇటుక బట్టీ దాకా నడిచి వెళ్ళినప్పుడు ఆవిడ కళ్ళ పడింది ఆ కౌజు. కోడిపెట్టలో సగం ఉంటుంది. ఒళ్ళంతా మట్టిరంగు, దానిమీద సన్నటి గీతలు. పాడుపడిన బట్టీ పక్కన ఇటుకపొడిలో పొర్లాడుతోంది. ఒక కాలు చాపి, రెక్క విప్పి, కళ్ళు సగం మూసుకుని ఎర్రటి పొడిని ఒంటి మీదికి ఎగజల్లుకుంటోంది. పొద్దుటి ఎండ పక్కవాటుగా పడి ఒక్కో ఈక విడివిడిగా కనిపిస్తోంది. తనని ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు ఉండే మొహం అది. తన స్టూడియోలో అలాంటి మొహం ఒక్కటీ రాలేదని కదలకమ్మకి అక్కడే నిలబడి తెలిసింది. అడుగు కదపగానే పిట్ట మాయమైంది. ఆవిడ మాత్రం ఇంటికొచ్చాక కూడా సగం అక్కడే ఉండిపోయింది.

ఈ ఏడు అదే పిట్టో, దాని చెల్లెలో, బట్టీ దగ్గర ముళ్ళపొద మొదట్లో గుడ్లు పెట్టింది. కౌజు పిల్లలు గుడ్డులోంచి బయటపడిన పూటే లేచి నడుస్తాయి. తల్లి వాటిని వెంటబెట్టుకుని ఏ తుప్పల్లోకో వెళ్ళిపోతుంది, ఇక వెతికినా దొరకదు. పిల్లలతో ఆ తల్లి నిబ్బరంగా ఎండలో నిలబడ్డ ఒక్క ఫోటో కావాలి కదలకమ్మకి. వచ్చే ఏటికి ఈ మోకాళ్ళు మాటులో ఒంగి కూర్చోనిస్తాయన్న నమ్మకం ఆవిడకి లేదు. కాబట్టి ఇప్పుడు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టే.

మాటంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. స్టూడియోలో వెనకాల వేలాడదీసే పాత రంగుల తెర ఉండేది. జలపాతం, పాలరాతి మెట్లు, గులాబీలు. దాన్ని తిరగేసి, మట్టి పూసి, నాలుగు కర్రలకి చుట్టి, పైన గోనెసంచులు కప్పింది. బయటినుంచి చూస్తే మట్టిదిబ్బ. లోపల కూర్చుంటే చుట్టూ జలపాతం. ఊళ్ళో కొత్త దంపతులంతా ఏ జలపాతం ముందు బిగుసుకుని నిలబడ్డారో దాన్నే ముక్కుకి జానెడు దూరంలో పెట్టుకుని, కెమెరా మూతి పట్టేంత కన్నంలోంచి ఆవిడ పొదవైపు చూస్తూ కూర్చునేది.

వెలుగుతో వచ్చింది అసలు తంటా. స్టూడియోలో దీపం ఎక్కువైతే తగ్గించవచ్చు, నీడ పడితే దీపానికి పెట్టిన గొడుగు జరపవచ్చు. ఇక్కడ సూర్యుణ్ణి కాస్త ఎడమకి జరగమని ఎవరితో చెప్పాలి? ఫ్లాష్ వేస్తే పిట్ట మళ్ళీ ఆ చుట్టుపక్కలకి రాదు. తెల్లవారాక ఎండ వాలుగా, మెత్తగా, తేనెరంగులో ఉండేది కాసేపే. ఆ తర్వాత తెల్లబడి, గట్టిపడి, పిట్టా మట్టీ ఒకే ముద్ద అయిపోతాయి. ఆ కాసేపట్లోనే అది బయటికి రావాలి, ఇటు తిరగాలి, భయపడకుండా ఉండాలి.

కోడలు మందుల షాపులో పనిచేస్తుంది. ఇద్దరూ చీకటి ఉండగానే లేచి, ఫ్లాస్కులో టీ పోసుకుని బట్టీకి నడిచేవాళ్ళు. కోడలు కెమెరా సంచి మోసేది, అత్తగారిని చెయ్యి పట్టి మాటులో కూర్చోబెట్టేది, గోనెలు సర్దేది. తర్వాత "వెళ్తున్నా అత్తయ్యా" అని చెప్పి, తెల్లకోటు మడిచి పెట్టుకున్న బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయేది. షాపు తెరవడానికి అప్పటికి ఇంకా బోలెడు సమయం ఉండేది.

పిట్ట బయటికి వచ్చేది. రాకపోతే ఆవిడ ఈపాటికి మానేసి ఉండేదేమో. వచ్చేది, నాలుగడుగులు వేసేది, ఠక్కున ఆగిపోయేది. మెడ బారెడు సాచి, ఒళ్ళు బిగించి, అచ్చం పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నవాడిలా నిలబడిపోయేది. తర్వాత గిరుక్కున తిరిగి పొదలోకి.

"ఇదెక్కడి ఖర్మరా! ఇది కూడా నా మాట వినే కదలకుండా నిలబడుతోందా?" అని కదలకమ్మ వాపోయింది.

కొడుకు ఆ ఫోటోలన్నీ కంప్యూటర్‌లో వరసగా పెట్టి చూశాడు. మొదటిసారి "ఊఁ" కాకుండా ఇంకో మాట అన్నాడు.

"అమ్మా, ఇది నీ వైపు చూడట్లేదే."

నిజమే. ఒక్క ఫోటోలోనూ అది కెమెరాని చూడటం లేదు. అన్నిట్లోనూ చూపు ఒకే వైపు. మాటుకి ఎడమ పక్కగా, కాస్త వెనక్కి.

"మగపిట్ట అటుందేమో" అన్నాడు కొడుకు.

"మగది కుడివైపు దిబ్బెక్కి అరుస్తుంది. రోజూ వింటున్నాగా."

"అయితే నాకు తెలీదు" అని వాడు మళ్ళీ మొటిమల్లోకి వెళ్ళిపోయాడు.

కదలకమ్మకి ఏమీ పాలుపోలేదు. తలకి రాసుకున్న నూనె వాసనేమోనని నూనె మానేసింది. గాజుల చప్పుడని గాజులు తీసి డబ్బాలో పెట్టింది. లెన్సు మెరుస్తోందని దాని గొట్టానికి కొడుకు పాత మేజోడు కత్తిరించి తొడిగింది. మాటుని రెండు బారలు వెనక్కి జరిపింది. అయినా పిట్ట రావడం, ఆగడం, ఎడమవైపు చూడటం. ఒక దశలో ఆవిడకి అనుమానం కోడలి నడక మీదికి మళ్ళింది.

"నువ్వు మరీ పిల్లిలా వెళ్తున్నావమ్మాయ్. నువ్వెళ్ళినట్టు దానికి తెలియద్దూ? కాళ్ళు టపటపలాడిస్తూ వెళ్ళు. దగ్గు. ఏదైనా పాడు."

"నాకు పాటలు రావు అత్తయ్యా."

"పాడమంటే కచేరీ చెయ్యమని కాదు. కూనిరాగం చాలు."

కోడలు మర్నాటి నుంచి చెప్పులు ఈడుస్తూ, దగ్గుతూ, పాటో ప్రార్థనో తెలియని ఒక రాగం తీస్తూ వెళ్ళడం మొదలుపెట్టింది. మాటులో కూర్చున్న కదలకమ్మకే నవ్వాగలేదు. ఆ రాగం దూరమై దూరమై వినిపించకుండా పోయేది. పిట్ట వచ్చేది. ఆగేది. ఎడమవైపు చూసేది.

ఆ వైపున ఉన్నది విరిగిన ఇటుకల గుట్ట ఒక్కటే.

"ఆ గుట్ట వెనక ముంగిస కాపురం పెట్టినట్టుంది. వెళ్ళేటప్పుడు ఓసారి చూసి తరిమెయ్యి" అంది ఆవిడ.

కోడలు గోనె సర్దుతున్నదల్లా ఆగింది. "అలాగే అత్తయ్యా" అంది. మర్నాడు తనే చెప్పింది, "చూశాను. అక్కడేమీ లేదు."

ఇలా తల బద్దలు కొట్టుకుంటూ ఉండగా మందుల షాపాయన ఫోటో కోసం స్టూడియోకి వచ్చాడు. కదలకండి అనకముందే కదలకుండా కూర్చునే పెద్దమనిషి. ఫోటో అయ్యాక లేచి, జేబులోంచి దువ్వెన తీసి ఉన్న నాలుగు వెంట్రుకలూ సర్దుకుంటూ అన్నాడు.

"మీ కోడలికి ఆ ఇటుక దుమ్ము పడట్లేదండీ. పొద్దున వచ్చేసరికి కళ్ళు రెండూ ఎర్రగా ఉంటున్నాయి. చుక్కల మందు నేనే ఇచ్చాను. అమ్మాయి మంచిదండీ, ఈమధ్య కాస్త ఆలస్యమవుతోందంతే. మీ పిట్టల పని త్వరగా తేలితే బాగుణ్ణు."

"ఆలస్యమేమిటి? చీకటి విడకుండానే బయల్దేరుతోందే!" అంది కదలకమ్మ.

ఆయన తెల్లబోయాడు. ఆవిడా తెల్లబోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన మర్యాదస్తుడు కాబట్టి దువ్వెన జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా కదలకమ్మ బుర్ర తిరుగుతూనే ఉంది. బట్టీ నుంచి మందుల షాపు ఎంత దూరమని? నడిచినా అరగంట పట్టదు. మరి ఈ పిల్ల మధ్యలో ఎక్కడికి వెళ్తోంది? ఎవరినైనా కలుస్తోందా? ఛీ, ఏం ఆలోచన అది, అని తనని తనే కసురుకుంది. పోనీ కొడుకుతో చెబుదామంటే వాడు "ఊఁ" అన్నా కష్టమే, అనకపోయినా కష్టమే. పిట్ట సంగతొకటి, కోడలి సంగతొకటి. ఆ రెండూ ఒకటేనన్న ఊహ ఆవిడకి తట్టనేలేదు. మనిషి ఎంత తెలివైనదైనా తన ఇంట్లోవాళ్ళ దగ్గరికొచ్చేసరికి కౌజుకున్నపాటి చూపు కూడా ఉండదు.

మర్నాడు పొద్దున మాటులో కూర్చున్నాక పిట్ట ఎప్పట్లాగే వచ్చి, ఎప్పట్లాగే మెడ సాచి, ఎడమవైపు చూపు నిలిపింది. కదలకమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏముందక్కడ? ముంగిసా, కుక్కా, దయ్యమా? ఫిల్ము కత్తిరించే చిన్న కత్తెర సంచిలోనే ఉంది. పిట్ట పొదలోకి వెళ్ళాక, చప్పుడు కాకుండా ఎడమ పక్కనున్న తెరకి, జలపాతం నురగ దగ్గర, బెత్తెడు కన్నం కోసింది. కెమెరాని మెల్లగా అటు తిప్పి కన్ను ఆనించింది.

మొదట ఇటుకలు కనిపించాయి. లెన్సు తిప్పేసరికి వాటి పక్కన చెప్పులు. తర్వాత కోడలు.

గుట్ట చాటున నేల మీద కూర్చుని ఉంది. పొదవైపు నుంచి చూస్తే భుజం, తల కనిపించేంత చాటు అది. దాక్కోవడం రాని మనిషి దాక్కున్నట్టుంది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకుని ఏడుస్తోంది. పెద్దవాళ్ళు ఏడ్చేలా కాదు. మొహానికి చెయ్యి అడ్డం లేదు, కొంగు అడ్డం లేదు. నోరు తెరిచి, పెదవులు వంకర తిరిగి, ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా, చిన్నపిల్లలు ఏడ్చినట్టు ఏడుస్తోంది. చప్పుడు మాత్రం బయటికి రావడం లేదు. వాలుగా వచ్చిన తేనెరంగు ఎండ ఆ తడి మొహం మీద పడుతోంది.

ఇన్నేళ్ళుగా కదలకమ్మ వెతుకుతున్న మొహం సరిగ్గా అలాంటిదే. తనని ఎవరూ చూడటం లేదనుకుంటున్న మొహం. వేలు బటన్ మీదే ఉంది. నొక్కకుండా వేలు వెనక్కి తీసేసుకుంది. చూడకూడనిది చూశానని ఆవిడకి సిగ్గేసింది. కెమెరా ముందుకి తిప్పుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది.

చలికాలంలో కోడలి తల్లి పోయింది. కోడలు వెళ్ళి, అక్కడి పనులన్నీ అయ్యాక తిరిగొచ్చింది. వచ్చిన మర్నాడే తెల్లకోటు వేసుకుని షాపుకి వెళ్ళింది. గుంపు ఫోటోలోంచి తల్లి మొహాన్ని విడదీసి పెద్దది చేయించింది కూడా ఈ స్టూడియోలోనే. పక్కన నిలబడి, "కొంచెం ఇటు జరుపు, చెవి తెగిపోతోంది" అని మొగుడికి చెప్పింది గానీ కళ్ళు చెమర్చలేదు. "మా కోడలు గట్టి పిల్ల" అని కదలకమ్మ వీధంతా చాటింది. వీధి కూడా ఔనంది. ఇంతమంది గట్టి పిల్ల అన్నాక ఏ పిల్ల ఏడుస్తుంది?

ఏడవాలన్నా ఎక్కడ? ముందు స్టూడియో, వెనక ఒక గది, ఒక వంటిల్లు. ఒకరు తుమ్మితే ముగ్గురు పలకరించే ఇల్లు. షాపులో పొద్దంతా మందులు కొనే జనం. స్నానాలగది తలుపు మూసి రెండు నిమిషాలైతే "అయిందా?" అని తనే గదా అరిచేది! తోడు రమ్మని, తోడు వచ్చాక వెళ్ళిపొమ్మని తను పంపుతున్న ఈ కాసేపే ఆ పిల్లకి మిగిలిన చోటు.

సరే, తెలిసింది. తెలిసి ఏం చెయ్యాలి? ఇదివరకు పిట్ట ఎటు చూస్తోందో తెలియక అయోమయం. ఇప్పుడు తెలిసి అంతకంటే అయోమయం. లేచి వెళ్ళి దగ్గరికి తీసుకుంటే? దాక్కుని ఏడ్చేవాళ్ళని పట్టుకుంటే ఓదార్పవుతుందా, దొంగని పట్టుకున్నట్టవుతుందా? చూడనట్టు ఊరుకుంటే? అది మర్యాదా, రాతిగుండెతనమా? స్టూడియోకి ఏడుస్తూ వచ్చిన పసిపిల్లలకి గిలక్కాయ ఆడించడం తెలుసు గానీ, దీనికి ఏమి ఆడించాలో ఆవిడకి తెలియలేదు.

రాత్రి గిన్నెలు తోముతున్న కోడలి పక్కన నిలబడి, తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది.

"అమ్మాయ్."

"చెప్పండి అత్తయ్యా."

"ఏం లేదు. ఆ చుక్కల మందు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నాను. దుమ్ము కదా."

"ఔను, దుమ్ము" అంది కదలకమ్మ.

మర్నాడు పొద దగ్గరికి వెళ్ళేసరికే ఆవిడ చెవికి సన్నటి కిచకిచ వినిపించింది. పిల్లలు! ఇన్నాళ్ళుగా ఎదురుచూసిన పూట ఇదే. ఎండ కూడా చెప్పి చేయించినట్టు వస్తోంది. మబ్బు లేదు, మంచు లేదు. ఈ ఒక్క పూట కోడలు తిన్నగా షాపుకి వెళ్ళిపోతే చాలు. తల్లి నిబ్బరంగా పిల్లల్ని వెంటబెట్టుకుని ఎండలోకి వచ్చి నిలబడుతుంది.

కోడలు గోనె సర్ది, "వెళ్తున్నా అత్తయ్యా" అంది.

"ఇదిగో, ఈ పూట నువ్వు..." అని కదలకమ్మ మొదలుపెట్టింది. తెల్లవారబోతున్న వెలుతురులో ఆ పిల్ల కళ్ళ కింద నలుపు కనిపించింది. వెళ్ళే తొందర కూడా కనిపించింది. దాహమేసినవాడు కుండవైపు చూసినట్టు ఆ పిల్ల అప్పుడే గుట్టవైపు చూస్తోంది.

"నేనేమిటి అత్తయ్యా?"

"జాగ్రత్తగా వెళ్ళు. రాళ్ళున్నాయి."

కూనిరాగం తీసుకుంటూ కోడలు వెళ్ళింది. రాగం ఆగింది. ఎక్కడ ఆగిందో ఇప్పుడు కదలకమ్మకి తెలుసు.

తల్లి కౌజు పొద అంచుకి వచ్చింది. వెనకాల ఉసిరికాయంత పిల్లలు, గోధుమరంగు చారలతో, పడుతూ లేస్తూ. ఒకటి తల్లి కాళ్ళ మధ్యలోంచి ఎండలోకి ఉరికింది కూడా. కదలకమ్మ వేలు బటన్ మీద పెట్టింది. తల్లి మెడ సాచింది. ఎడమవైపు చూసింది. ఒక్క కూత కూసింది. అంతే, పిల్లలన్నీ ఎక్కడివక్కడ మట్టిలో మట్టయిపోయాయి. తర్వాత పొద వెనకనుంచి, నీడనుంచి నీడలోకి, ఒక్కొక్కదాన్నే దాటించుకుని వెళ్ళిపోయింది. ఎండ తెల్లబడేవరకూ కదలకమ్మ ఆ ఖాళీ నేలని చూస్తూ కూర్చుంది. ఆవిడకి ఏడుపొచ్చింది. ఫోటో పోయినందుకు నిజంగానే ఏడుపొచ్చింది, అందులో దాపరికం ఏముంది? అయినా కోడలిని పంపేసి ఉంటే బాగుండేదని మాత్రం అనిపించలేదు.

"ఇవాళైనా దొరికిందా అత్తయ్యా?" అని సాయంత్రం కోడలు అడిగింది.

"ఎక్కడ! ఇంకా గుడ్ల మీదే ఉంది. రేపు చూద్దాం."

మర్నాడూ చూశారు. ఆ తర్వాతా చూశారు. పిట్ట లేని పొదకి ఎదురుగా, పిట్ట లేని నేల మీదికి కెమెరా గురిపెట్టి, కదలకమ్మ రోజూ కూర్చుంది. మోకాళ్ళు పట్టేశాయి. దోమలు కుట్టాయి. బయటికి వచ్చేముందు గట్టిగా దగ్గి, ఫ్లాస్కు మూత కిందపడేసి, ఆ పిల్ల మొహం తుడుచుకునేంత వ్యవధి ఇచ్చి మరీ లేచేది. కొడుకు ఒకరోజు కెమెరా తెరిచి, "అమ్మా, వారం నుంచి ఒక్క ఫోటో కూడా తియ్యలేదేమిటి?" అన్నాడు. "ఊఁ" అంది ఆవిడ.

ఎన్నాళ్ళు సాగుతుంది అలాంటి నాటకం? ఒక పొద్దున గాలికి గోనె ఒకటి ఎగిరి పొద దగ్గర పడింది. తేవడానికి వెళ్ళిన కోడలు అక్కడే వంగి ఉండిపోయింది. తిరిగొచ్చినప్పుడు అరచేతిలో గుడ్డు పెంకులున్నాయి. ఎండిపోయి, లోపల చీమలు తిరుగుతున్నాయి.

"అత్తయ్యా, ఇవి పగిలి చాలా రోజులైంది."

"అయింది" అంది కదలకమ్మ.

"పిట్ట వెళ్ళిపోయింది."

"వెళ్ళిపోయింది."

"మరి రోజూ ఎందుకొస్తున్నాం?"

కదలకమ్మ అలవాటైపోయిందందామనుకుంది, నడక మంచిదని డాక్టరన్నాడందామనుకుంది. రెండూ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. కోడలు ఆవిడనే చూస్తూ కెమెరా సంచి లోపల పెడదామని మాటులోకి వంగింది. వంగి, తెరకి ఎడమవైపు కోసిన కన్నం చూసింది. అందులోంచి ఇటుకల గుట్ట కనిపిస్తోంది. సంచి పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఫోటో తియ్యలేదమ్మా. ఒట్టు" అంది కదలకమ్మ గాభరాగా. "ఒక్కసారే చూశాను. అదీ ముంగిసనుకుని."

కోడలు నవ్వబోయింది. నవ్వు సగంలోనే వేరేదైపోయింది. ఈసారి చప్పుడు బయటికొచ్చింది. ఇటుకల గుట్టవైపు వెళ్ళలేదు. వంగి మాటులోకే దూరి, అత్తగారి కోసం వేసిన గోనెపట్టా మీద కూలబడింది. కదలకమ్మ కూడా మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఒకరికి సరిపోయే చోటు అది. భుజాలు ఒరుసుకుంటున్నాయి. ఏడ్చేవాళ్ళ మొహంలోకి చూడకూడదని ఆవిడ సంచిలోంచి కెమెరా తీసి కన్నానికి పెట్టి, దానికి కన్ను ఆనించి, ఎదురుగా ఉన్న ఖాళీ నేలనే చూస్తూ ఉంది.

కోడలు కొంగుతో మొహం తుడుచుకుంది.

"అమ్మ చీర ఒకటి తెచ్చుకున్నాను అత్తయ్యా. ఆవిడ కట్టి విడిచింది. పొగ వాసన, ఆవిడ రాసుకునే నొప్పుల నూనె వాసన. రాత్రిపూట దిండు కింద పెట్టుకునేదాన్ని. అది ఉంటే ఏడుపొచ్చేది కాదు."

"ఇప్పుడేమైంది?" అంది కదలకమ్మ, కన్ను తియ్యకుండానే.

"ఇల్లు దులిపిన రోజు మీరు ఉతికేశారు."

కదలకమ్మకి గుర్తొచ్చింది. మాసిన చీర, దిండు కింద ఉండగా చుట్టి ఉంది. పాపం, పిల్లకి తీరిక లేదు, ఉతుక్కోలేదనుకుంది. రెండుసార్లు సబ్బు పెట్టి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మడత నలగకుండా తెచ్చి చేతిలో పెట్టింది. ఎంత మురిసిపోయిందని! కోడలు ఆ చీర అందుకుని, ఒక్క క్షణం ఆగి, "ఎందుకత్తయ్యా మీకు శ్రమ" అంది. అంతే అంది.

"అప్పుడే నాతో ఒక్కమాట అనకపోయావా?"

"మీరు అంత ప్రేమగా తెచ్చి ఇచ్చారు. ఏమని అనను?"

కదలకమ్మ కెమెరా నుంచి కన్ను తీసింది. కోడలివైపు తిరిగింది. కన్నీళ్ళు కారాయి. వాటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఆ పిల్ల తలని రెండు చేతులతో లాగి తన భుజానికి ఆనించుకుంది. ఎండ తెల్లబడి, గట్టిపడి, గోనెల సందుల్లోంచి లోపలికి దిగేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.